పేరు పలకని నేస్తం ఊరు

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ప్రయాణంలో నేను చూసిన రెండు ఊళ్ళలో ఒకదాని పేరు ఉప్పుగెడ్డ. రెండోదాని పేరు రాయను. మరిచిపోయి కాదు, అచ్చులో ఎగిరిపోయీ కాదు. తెలుసు, రాయను. కారణం చివరిదాకా చదివే ఓపిక ఉన్నవాళ్ళకి దానంతట అదే తెలుస్తుంది.

విజయనగరం

విజయనగరంలో మాకొక ఆదివారపు చర్చాసంఘం ఉంది. పదకొండు మంది సభ్యులం. బడిపంతుళ్ళం కొందరం, ఇద్దరు ప్లీడర్లు, వీణ నేర్పే ఒకాయన, రిటైరైన ఓవర్సీరు ఒకాయన. ఓవర్సీరుగారే కార్యదర్శి. ఏ విషయం మీదైనా చర్చించి, తీర్మానం చేసి, మినిట్సు పుస్తకంలో రాసి, టీ తాగి ఇళ్ళకి పోతాం. మా తీర్మానాల వల్ల దేశానికి ఇంతవరకూ ఏ నష్టమూ జరగలేదు.

పోయిన వేసవికి ముందు ఎవరో పేపర్లో ఒక సంగతి చదివి వచ్చారు. యుద్ధంలో ఒకరిమీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాల్లో, పట్టణాలు ఇప్పుడు జతలు జతలుగా స్నేహం కట్టుకుంటున్నాయట. మేయర్లు వచ్చి పోతుంటారట, బ్యాండు మేళాలు పంపుకుంటారట. మన ఊరికీ అలాంటి విదేశీ పట్టణం ఒకటి ఉండాలని ప్రతిపాదన పెట్టాం. ఏ దేశం అన్నదాని దగ్గరే మూడు ఆదివారాలు గడిచిపోయాయి. వీణ మాస్టారు సంగీతం ఉన్న ఊరు కావాలన్నారు. ప్లీడర్లలో ఒకాయన జర్మనీ అంటే, రెండో ఆయన జర్మనీ తప్ప ఏదైనా సరే అన్నారు. నాలుగో ఆదివారం మా బడి డ్రిల్లు మాస్టారు గౌరునాయుడు నోరు విప్పాడు.

"మా బావ పెసిడెంటుగా ఉన్న పంచాయితీ ఈ పని ఎప్పుడో సేసీసినాది. గెడ్డకి అవతల ఒరిస్సా ఊరితోటి. పదేళ్ళు దాటిపోనాది. మీరింకా దేశం ఎతకతన్నారు."

నేను నవ్వాను. లెక్కల మేష్టరిని, నోరు కాస్త దురుసు. ఇంట్లోవాళ్ళు కూడా ఈ మాట అంటారు. "పట్టణాలు చేసే పని పంచాయతీలకెందుకయ్యా? వీధి దీపాలూ బందెలదొడ్డీ చూసుకుంటే చాలదా?" అన్నాను.

"అయితే ఎల్లి సూసి రండి మేస్టారూ. సెలవులే గదా" అన్నాడు గౌరునాయుడు.

నేను వెళ్ళి చూసి రావాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. పది చేతులు లేచాయి. పదకొండోది నాది, దాన్ని ఎవరూ అడగలేదు.

ఆమదాలవలస

సెలవులిచ్చిన మూడో రోజు పొద్దున్న పాసింజరు ఎక్కాను. పక్కన ఒకావిడ పనసకాయతో కూచుంది. కాయ సగం ఆవిడ ఒళ్ళో, సగం నా ఒళ్ళో.

"బరువుగా ఉన్నాదా బావూ?" అని అడిగింది. మర్యాదకి లేదన్నాను. "అయితే కూసింతసేపు పూర్తిగా అట్టుకోండి" అని కాయని నామీదకి నెట్టేసి నిద్రపోయింది. లేచాక, అది కూతురి అత్తవారింటికని చెప్పింది. పనసపొట్టు ఆవ పెట్టి ఎలా వండాలో కూడా చెప్పింది. మా ఇంట్లో ఆవ తక్కువ వేస్తారన్నాను. "అదీ కూరేనేటి?" అంది. ఈ సంగతి ఇంటికి రాసిన కార్డులో రాశాను. తిరిగి వెళ్ళేసరికి మా ఆవిడకి ఆ కార్డు అందలేదట. మిగతా కార్డులన్నీ అందాయి.

శ్రీకాకుళం రోడ్డు అని బోర్డు చూసి దిగితే అది ఆమదాలవలస. శ్రీకాకుళం అక్కడికి ఏడెనిమిది మైళ్ళు. ప్లాట్‌ఫారం మీద ధాన్యం బస్తాల పక్కన యాభై ఏళ్ళ మనిషి నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు, చంకలో గుడ్డమూట. ఆయనే కూర్మినాయుడు, గౌరునాయుడి అక్క మొగుడు, ఉప్పుగెడ్డ పంచాయతీ ప్రెసిడెంటు. నన్ను ఎగాదిగా చూశాడు.

"పేరు సదవడానికొచ్చిన మేస్టారు మీరేనా?"

"చూడ్డానికి వచ్చానండి. చదవడానికి కాదు" అన్నాను.

"మా బామ్మర్ది సదువుతారనే సెప్పినాడు. సూసుకోండి, సదువుకోండి, రెండూ అవుతాయి" అని నా సంచీ అందుకుని బస్సువైపు నడిచాడు. గౌరునాయుడు నన్ను ఒక పనిమీద పంపాడనీ, ఆ పనేమిటో నాకు తప్ప అందరికీ తెలుసనీ అప్పుడు అర్థమయింది.

శ్రీకాకుళంలో హోటల్లో భోంచేశాం. రూపాయి పావలా. మా ఊళ్ళో ఈ ధరకి రెండోసారి కూర అడిగితే సర్వరు వంటగదిలోకి పోయి మాయమవుతాడు. ఇక్కడ రెండోసారి అడక్కుండానే వేశారు, మూడోసారి అడిగితే వేశారు. నాలుగోసారి కూర్మినాయుడు అడిగినప్పుడు మాత్రం వంటాయన స్వయంగా బయటికి వచ్చి, ఆయన్ని చూసి, లోపలికి వెళ్ళి తెచ్చి వేశాడు. ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం.

శ్రీకూర్మం

పొద్దున్నే శ్రీకూర్మం బస్సెక్కాం. కూర్మనాథుణ్ణి ఇదివరకు చూశాను గాని, పనిమీద వెళ్ళడం ఇదే మొదటిసారి. ఆవరణలో తాబేళ్ళు ఆకుకూర తింటున్నాయి. మా బళ్ళో మధ్యాహ్నం మొదటి పీరియడు పిల్లలు గుర్తుకొచ్చారు.

కూర్మినాయుడు మూట విప్పాడు. అటుకులు, బెల్లం. అటుకులు ఉప్పుగెడ్డ ధాన్యానివి, బెల్లం గెడ్డకి, అదే వాగుకి, అవతలి ఊరిది. రెండూ కలిపి స్వామికి నివేదన చేయించి, తీసుకెళ్ళి రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే ఆకులో తింటారట. ఏటా వైశాఖంలో ఇదే వరస.

"ఎవరి పేరునండీ?" అని అర్చకులు అడిగారు.

"రెండూళ్ళ పేరునండి. మాది ఉప్పుగెడ్డ."

"రెండోది?"

కూర్మినాయుడు చొక్కా జేబులోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. "సదవండి మేస్టారూ."

చదివాను. ఊరి పేరు, ఆ ఊరి ప్రెసిడెంటు పేరు. హాజరు పట్టీ చదివిన గొంతుతోనే చదివాను. పేరు పూర్తయిందో లేదో, వెనకనుంచి "సల్లగుండాల" అని వినిపించింది. రెండో పేరుకి మళ్ళీ "సల్లగుండాల." వెనక్కి తిరిగి చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

గుంటూరు, నెల్లూరు వైపు పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. మా ప్రాంతంలో నేస్తం కట్టడం అని ఉంది. ఇద్దరు మనుషులు దేవుడి ప్రసాదం ఒకే ఆకులో తిని నేస్తం కడతారు. ఆ తరవాత ఒకరి ఇంట్లో పెళ్ళయినా చావయినా రెండోవాళ్ళు ఇంటిమనుషుల్లాగే నిలబడాలి. ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తం అనే పిలుచుకుంటారు. ఇంతవరకు నాకూ తెలుసు. కాని ఈ రెండు ఊళ్ళూ ఊరికి ఊరుగా నేస్తం కట్టాయి. అంటే ఉప్పుగెడ్డలో ముసలమ్మ దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా ఎవరూ అవతలి ఊరి పేరు నోటితో అనరు. బయటివాడెవడైనా అంటే వెంటనే "సల్లగుండాల" అనాలి, చల్లగా ఉండాలని దీవెన. ఉగ్గుపాలతో పాటు నేర్పుతారు.

"మరి ఏటా ఈ చీటీ ఎవరు చదువుతారు?" అని అడిగాను.

"ఎవరో బయటోడు గావాల. పోయినేడు మా పోస్టుమేను సదివినాడు. సదివినాక ఆడూ ప్రసాదం తినీసి నేస్తం కట్టీసినాడు. ఇంకేటి సదువుతాడు? అందుకే మా బామ్మర్దిని అడిగినాను."

పంచాయతీ తీర్మానాల పుస్తకంలో కూడా 'నేస్తం గ్రామం' అనే రాస్తారట. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి, అసలు పేరు రాయకపోతే చెల్లదని కోప్పడ్డాడు. అయితే మీ చేత్తో మీరే రాయండి బావూ అన్నారు వీళ్ళు. ఆయన రాస్తూ అలవాటుగా పైకి చదివాడు. గదిలో ఉన్న ఏడుగురు మెంబర్లూ "సల్లగుండాల" అన్నారు. ఆయన ఉలిక్కిపడి, సంతకం చేసి వెళ్ళిపోయాడట.

రైల్లో

ఆమదాలవలసలో మళ్ళీ రైలెక్కి ఉత్తరంగా పోయాం. ప్రసాదం మూట నా ఒళ్ళో పెట్టుకోమన్నాడు. నేను గౌరవంగా పై అరలో పెట్టాను. పలాసలో చూసేసరికి మూట నిండా ఎర్రచీమలు. నా మొహం పాలిపోయింది. రెండు ఊళ్ళ స్నేహాన్ని ఒక్క పూటలో చీమలపాలు చేసిన ఘనత నాకు దక్కింది కదా అనుకున్నాను.

కూర్మినాయుడు మూట దులిపి, నెమ్మదిగా మళ్ళీ కట్టాడు. "ఒగ్గీయండి. ఆటికీ నేస్తరికం గావాలేమో" అన్నాడు. ఆ తరవాత దిగేదాకా మూట తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

అప్పుడే అసలు బెంగ బయటపెట్టాడు. ఎన్నికల గాలి మొదలైంది. ఇటుపక్క ఒక నాయకుడు 'మన బడి మన పిల్లలకే' అని తిరుగుతున్నాడు. ఉప్పుగెడ్డలో హైస్కూలుంది, అవతలి పిల్లలు గెడ్డ దాటి వచ్చి అందులో చదువుకుంటారు. అటుపక్క ఇంకో నాయకుడు 'మన నీళ్ళు మనకే' అంటున్నాడు. ఉప్పుగెడ్డలో బావులన్నీ ఉప్పు. తాగే నీళ్ళు అవతలి ఊరి బావివే.

"ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు. మాటలు మాత్రం ఒకటే" అన్నాడు. సరిహద్దు దాటి ఎవరూ రాకూడదన్న మాట మాత్రం ఏ అడ్డూ లేకుండా సరిహద్దు దాటి వచ్చింది.

ఉప్పుగెడ్డ

ఊళ్ళో దిగగానే ఇచ్చిన టీ ఒక గుక్క తాగి కింద పెట్టాను. ఉప్పు. "ఊరి బావి నీళ్ళతో పెట్టినారు. మీకు తెలియాల గదా" అన్నాడు కూర్మినాయుడు. రెండో గ్లాసు అవతలి నీళ్ళతో వచ్చింది. ఆ టీ గురించి ప్రత్యేకించి చెప్పేదేమీ లేదు. టీలాగే ఉంది, అదే గొప్ప.

మధ్యాహ్నం తరవాణి అన్నం, ఎండుచేపల వేపుడు పెట్టారు. చేపలు నేను తినను. ఆ మాట చెప్పగానే నాకోసం వంకాయ కాల్చి, నా జబ్బేమిటని అడిగారు.

ఆ పెట్టినావిడ పోలమ్మ. పంచాయతీ మెంబరు, నలభై దాటి ఉంటాయి. గట్టి గొంతు. నీళ్ళ బిందెలు రెండు నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని గెడ్డ దాటగలదట. నేను పుస్తకం తీసి, "నేస్తరికం ఎందుకు కట్టాలనిపించిందమ్మా?" అని అడిగాను. చర్చాసంఘానికి కారణాలు కావాలి.

"రాసుకుంటావేటి? రాసుకో" అంది. "అప్పుడు పశువుల తగువొచ్చినాది. మా పశువులు ఆల సేలో పడినాయని ఆలు దొడ్డిలో పెట్టీసినారు. మావోళ్ళు ఆల పిల్లల్ని బళ్ళోకి రానీలేదు. ఆలు బావి మూసీసినారు. ఎండాకాలం. మేం గెడ్డ పక్క సెలమల్లో నీల్లు తాగినాం. ఊరంతా వాంతులు, ఇరోసనాలు. నా పెద్దగుంట పోనాది. ఆరేళ్ళ పిల్ల."

నా పెన్సిలు ఆగిపోయింది.

"అది పోయిన మూడో నాడు, బావి మూసిన పెసిడెంటే కావిడి మీద నీల్లు మోసుకొని గెడ్డ దాటి నా గుమ్మంలో దించినాడు. నాను తలుపు తియ్యనేదు. సాయంత్రం దాకా అలగే కూకున్నాడు. ఆ మనిసే ఇప్పుడు నేస్తం. ఆ యేడే కూర్మనాథుడి కాడికి ఎల్లి కట్టినారు."

"నువ్వు ఒప్పుకున్నావా?" అన్నాను. అడక్కూడని ప్రశ్న. నోరు దురుసని ముందే చెప్పాను.

"మిగతా గుంటలు నీల్లు తాగొద్దేటి?" అంది, బిందెలు తీసుకుని లేస్తూ.

జీపు

మర్నాడు ఇటుపక్క నాయకుడు జీపులో వచ్చాడు. తెల్లబట్టలు, మైకు, నలుగురు మనుషులు. బడి ముందు పందిరి వేయించుకున్నాడు. మూడు వందల మంది చేరారు. అందరూ నవ్వులాటకి రాలేదు. కుర్రకారులో కొందరు నిజంగానే వేడెక్కి ఉన్నారు. మన బెంచీలు, మన మేష్టర్లు, మన ఊళ్ళో చోటు చాలక మన పిల్లలు కిందకూచుంటున్నారు అని ఆయన చెబుతుంటే తలలు ఊపారు. చోటు చాలదన్నది నిజమే. మేష్టరిగా నేను కూడా ఒకసారి తల ఊపాను.

పంచాయతీ చేయాల్సిన తీర్మానం టైపు చేయించి తెచ్చుకున్నాడు. వచ్చే జూన్ నుంచి అవతలి ఊరి పిల్లల్ని చేర్చుకోరాదు. ముందు జనంచేత నినాదం పలికించాలి. ఆయన గొంతు సవరించుకుని, పిడికిలి ఎత్తి, అవతలి ఊరి పేరు సాగదీసి అన్నాడు. దానికి "నశించాలి" అని జవాబు రావాలి.

జీపులో వచ్చిన నలుగురూ "నశించాలి" అన్నారు. తక్కిన మూడు వందల మందీ ఒక్క గొంతుతో "సల్లగుండాల!" అన్నారు.

ఆయన మైకుని వేలితో కొట్టి చూశాడు. మైకు బాగానే ఉంది. ఇంకా గట్టిగా పేరు అన్నాడు. ఇంకా గట్టిగా "సల్లగుండాల!" అన్నారు. ముందు వరసలో అందరికంటే వేడెక్కిన కుర్రాడొకడు, పిడికిలి గాల్లో ఉండగానే తన నోటివైపు తానే అనుమానంగా చూసుకోబోయాడు. మూడోసారికి చిన్నపిల్లలకి ఆట దొరికింది. అందరూ అయిపోయాక, చెవి సరిగా వినపడని ముసలమ్మ ఒకతె ఒంటరిగా, తీరిగ్గా, "సల్లగుండాల" అంది.

"ఏమిటండీ ఇది? ఎగతాళా?" అని నాయకుడు కూర్మినాయుడి మీద విరుచుకుపడ్డాడు.

"కాదు బావూ" అన్నాడు కూర్మినాయుడు, నిజంగానే నొచ్చుకుని. "కావాలని అన్నేదు. నోటికి అలవాటైపోనాది."

"నానైతే నశించాలి అనాలనే నోరు తెరిసినాను. ఇదొచ్చినాది" అన్నాడు పిడికిలి కుర్రాడు.

నాయకుడు తెలివైనవాడే. ఊరి పేరు వదిలేసి, రాష్ట్రం పేరు ఎత్తుకున్నాడు. దానికి అక్కడక్కడ నలుగురైదుగురు "నశించాలి" అన్నారు గాని, ఎవర్ని అంటున్నామో వాళ్ళకే తెలియనట్టు గొంతులు జారిపోయాయి. తీర్మానం కాగితం మెంబర్ల చేతికిచ్చాడు. తీర్మానమన్నాక సభలో పైకి చదవాలి. మొదటి వాక్యంలోనే ఆ పేరుంది. కాగితం ఏడుగురు మెంబర్ల చేతులూ తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఈ ఊరు బాగుపడదని చెప్పి జీపెక్కాడు.

నేను పకపకా నవ్వాను. ఊరంతా నవ్వింది. బెల్లం పంచారు. చర్చాసంఘానికి ఏం రాయాలో అప్పుడే వాక్యాలు కూర్చుకుంటున్నాను. అంతలో గెడ్డవైపునుంచి పోలమ్మ వచ్చింది. నెత్తిన బిందెలు లేవు. మూడూ చేత్తో పట్టుకుంది. బోర్లించి పట్టుకుంది.

"బావికి తీగ కట్టీసినారు" అంది.

ఒక పిల్ల తల్లి కొంగు పట్టుకుని నీళ్ళడిగింది. ఆ తల్లి ఊరి బావివైపు చూసి, పిల్లని ఎత్తుకుంది.

గెడ్డ అవతల

తెల్లవారుతూనే గెడ్డ దాటాం. మోకాలి లోతు. ముందు పోలమ్మ, వెనక ఆడవాళ్ళు ముప్ఫైమంది ఖాళీ బిందెలతో, చివర కూర్మినాయుడు ప్రసాదం మూటతో, నేను చెప్పులు చేత్తో పట్టుకుని. ఊరి అవతల ఎక్కడో అప్పటికే మైకు మోగుతోంది. నాకు ఒరియా రాదు. కాని చప్పట్లు ఎక్కడ పడతాయో ముందే తెలిసిపోతోంది. నిన్న మా వైపు బడి అన్న చోటల్లా ఇక్కడి నాయకుడు పాణి, అంటే నీళ్ళు, అంటున్నాడు.

బావి చుట్టూ ముళ్ళతీగ. ఒక పక్క చిన్న దారి వదిలి, అక్కడ స్టూలు మీద గొడుగుతో ఒక మనిషిని కూచోబెట్టారు. ఆ ఊరివాడు కాదు, మైకు నాయకుడి మనిషి. చేతిలో కాగితం ఉంది. మమ్మల్ని చూడగానే లేచి, ఈ ఊరివాళ్ళు తప్ప ఎవరూ తోడడానికి వీల్లేదని చెప్పాడు. వచ్చీరాని తెలుగులో, మర్యాదగానే చెప్పాడు.

మేం నిలబడిపోయాం. కోపంతో అరిచేవాళ్ళు ఒక్కరూ లేరు, అదే నాకు భయం వేసింది. పోలమ్మ తీగకి ఇవతల బిందె దించి, దాని పక్కనే నిలబడింది. పదేళ్ళకి పైగా నోటిలో దాచుకున్న మాటేదో ఇప్పుడు అనేస్తుందేమో, నేస్తరికం ఇక్కడితో సరేమో అనుకున్నాను.

అప్పుడొచ్చాడు నేస్తం, ఆనాడు నీళ్ళు మోసిన ప్రెసిడెంటు. డెబ్భై దాటిన మనిషి. సన్నగా, వంగిపోయి, భుజాన గంచా తువ్వాలు. ఆ కాగితం చదివి వినిపించమని కాపలామనిషిని అడిగాడు. అతను చదివాడు. ముసలాయన విని, మాకు తెలిసేలా తెలుగులో అన్నాడు.

"ఆలు తోడకూడదని రాసినారు. మేం పొయ్యకూడదని రాసినారా?"

కాపలామనిషి కాగితం మొదట్నుంచి చివరిదాకా చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

ముసలాయన లోపలికి వెళ్ళి చేద వేశాడు. చేద పట్టుకుని తీగ దాకా వచ్చి, తీగ మీదుగా వంచి పోలమ్మ బిందెలో పోశాడు. సగం బిందెలో పడింది, సగం ఇసకలో పడింది. మళ్ళీ వెళ్ళాడు. కూర్మినాయుడు అందుకోబోతే వద్దని తల ఊపాడు. ముళ్ళు గీరుకుని ముంజేతి మీద నెత్తురు కనిపిస్తోంది. మూడోసారి వెళ్ళేసరికి ఆయన ఇంటి ఆడవాళ్ళు వచ్చారు, తరవాత పక్కింటివాళ్ళు. కాసేపటికి తీగకి అటు ఒక వరస, ఇటు ఒక వరస. కాని పోలమ్మ బిందె మాత్రం ఆయనే నింపాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

బిందె నిండింది. పోలమ్మ ఎత్తుకోలేదు. తీగ అవతల ఉన్న ఆ ముసలాయన్ని చూస్తూ నిలబడింది.

"ఆ యేడు మూడు రోజులు ఆలీసమైపోనాది నీకు" అంది. "ఈపాలి తెల్లారే ఒచ్చినావు, నేస్తం."

అంతవరకూ ఆయన్ని ఆవిడ నేస్తం అని పిలవలేదట. కూర్మినాయుడు తరవాత చెప్పాడు. ముసలాయన తడి చేతులు రెండూ జోడించాడు. నాకు ఏడుపొచ్చింది. పక్కకి తిరిగి ఏడిచాను. లెక్కల మేష్టరికి ఏడుపు రాకూడదని ఎక్కడా రాసి లేదు.

పన్నెండు దాటేదాకా నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఎండ ముదిరాక కాపలామనిషి కూడా నీళ్ళడిగాడు. అతనికీ పోశారు.

తరవాత తీగకి ఇటు కొందరు అటు కొందరు కూచుని, మధ్య తీగ కింద విస్తరాకు పరిచి, అటుకులూ బెల్లం కలిపారు. నేస్తం పిడికెడు తీసి నావైపు చాపాడు. నేను చెయ్యి చాపబోతుంటే కూర్మినాయుడు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగండి మేస్టారూ. తింటే మీరూ నేస్తమే. ఇంక ఆ పేరు పలకడానికి లేదు. వొచ్చే యేడు సీటీ ఎవరు సదువుతారు?"

"ఎవరినైనా వెతుక్కోండి" అని తిన్నాను. ఒకటి రెండు చీమలు కూడా ఉన్నాయి.

మళ్ళీ విజయనగరం

బళ్ళు తెరిచాక మొదటి ఆదివారం చర్చాసంఘం కూడింది. నేను లేనప్పుడు ఒక విదేశీ పట్టణానికి రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. గౌరునాయుడు బావ రాసిన కార్డు తెచ్చాడు. తీగ ఇంకా తియ్యలేదట. రోజూ పొద్దున్నే వీళ్ళు వెళ్ళడం, వాళ్ళు పోయడం. వాళ్ళ ఆడవాళ్ళకి పని రెట్టింపయింది. పిల్లలు మాత్రం మామూలుగా గెడ్డ దాటి బడికొచ్చారు. చోటు చాలక కొందరు కింద కూచుంటున్నారు, రెండు ఊళ్ళవాళ్ళూను.

నేను చూసిందంతా చెప్పాను. ప్లీడర్లిద్దరూ మొదటిసారి ఒకే పక్కకి తల ఊపారు. ఓవర్సీరుగారు మినిట్సు పుస్తకం తెరిచి, కలం విదిలించి అడిగారు.

"మొదటి ఊరు ఉప్పుగెడ్డ. రెండో ఊరి పేరేమన్నారు?"

నేను గౌరునాయుడి వైపు చూశాను. ఇంకోసారి అడిగారు. గౌరునాయుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"సరే లెండి, మ్యాపు ఉండగా మీతో పనేమిటి?" అని ఆయన తన పాత మ్యాపు బల్ల మీద పరిచి, కళ్ళజోడు పైకి నెట్టి, గెడ్డ వెంట వేలు జరుపుకుంటూ వెళ్ళి, ఒక చోట ఆపి, ఆ పేరు పైకి చదివారు.

"సల్లగుండాల" అన్నాను.

పదిమందీ నావైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళుగా బళ్ళో పిల్లల నోట ఆ 'స'ని 'చ'గా దిద్దుతున్న మనిషిని నేను. ఓవర్సీరుగారు కలం పైకెత్తి, "ఏమన్నారు?" అని అడిగారు.

"అన్నది అన్నట్టే రాయండి" అన్నాను. ఆయన రాసుకున్నారు.